పాత కేథలిక్ ఆసుపత్రుల్లో చర్చి సరిగ్గా మధ్యలో ఎందుకుంటుంది?

నెల్లూరు_టు_మారతహళ్ళి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా అత్తగారికి తుంటి ఎముక విరిగితే బెంగళూరులోనే ఒక పాత కేథలిక్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. ఏ ఆసుపత్రో ఎందుకులెండి. పగలు మా ఆడపడుచు, రాత్రి నేను. మందుల మత్తులో ఆవిడ నిద్రపోయాక నాకు చేసే పనేమీ ఉండదు. ఫోన్ చూద్దామంటే వార్డులో ఒక్క ప్లగ్గూ ఖాళీ ఉండదు. అలా వరండాల్లో తిరుగుతూ లోపలున్న చర్చిని బాగా పరిశీలించాను.

మేం హిందువులం. నెల్లూరులో సిస్టర్ల స్కూల్లో చదివాను కాబట్టి కొవ్వొత్తులు, మేరీమాత పండగ వరకు తెలుసు, అంతకు మించి తెలీదు. అయితే ఈ చర్చి కట్టిన తీరే నాకు వింతగా అనిపించింది. రోడ్డు మీంచి చూస్తే అసలు కనపడదు. గేటు, ఓపీ, మందుల షాపు అన్నీ దాటి లోపలి ఆవరణలోకి వెళితే, ఒకవైపు మగవాళ్ళ వార్డు, ఇంకోవైపు ఆడవాళ్ళ వార్డు, మధ్యలో ఇది. లోపల పీఠానికి ఎదురుగా పెద్ద హాలు ఉంది, అది మామూలే. పీఠానికి పక్కగా ఇంకో హాలు ఉంది. అక్కడ కూర్చుంటే పెద్ద హాల్లో వాళ్ళు మనకు కనపడరు, మనం వాళ్ళకు కనపడం, పీఠం మాత్రం ఇద్దరికీ కనపడుతుంది. మధ్యలో చెక్క జాలీ కూడా ఉంది.

ఇంకా వింత ఏమిటంటే, మొదటి అంతస్తులో వార్డు వరండా చివర ఒక తలుపు ఉంది. తీస్తే నేరుగా చర్చి బాల్కనీలోకి వెళ్తాం. తలుపు ఎంత వెడల్పంటే మంచం మంచమే పట్టేస్తుంది. బాల్కనీలో ఒక్క బెంచీ కూడా లేదు. పైన కప్పు కిందుగా గోడ పొడవునా చిన్న చిన్న కంతలున్నాయి. ఒక గోడకు ఈ మధ్యే రంగు వేసినట్టున్నా నడుం ఎత్తు వరకు పెచ్చులు ఊడిపోతోంది. అక్కడున్న సిస్టర్‌ని అడిగితే "ముందునుంచీ అంతేనమ్మా" అని నవ్వేశారు.

ఇలా ఎందుకు కడతారో తెలిసినవాళ్ళు చెప్తారా?

కోరమంగళ_కుర్రోడు:

అక్కా, ఇందులో పెద్ద రహస్యమేముంది? మన పెద్దాసుపత్రుల గేటు దగ్గర వినాయకుడి గుడి ఉంటుంది కదా, ఇదీ అంతే. ఆపరేషన్ థియేటర్ బయట టెన్షన్ పడేవాళ్ళకి దణ్ణం పెట్టుకోవడానికో చోటు కావాలి. వాళ్ళ ఆసుపత్రి కాబట్టి వాళ్ళ దేవుడు.

గానుగసున్నం:

కుర్రోడు గారూ, గేటు దగ్గర వినాయకుడు వచ్చేపోయే జనం కోసం. ఈ చర్చి మంచం మీంచి లేవలేని వాళ్ళ కోసం. కట్టడం మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది.

అమ్మా, సరిగ్గా అడగాల్సినవే అడిగారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. నేను సివిల్ ఇంజినీర్ని. పుట్టింది ఒంగోలు దగ్గర, ఉద్యోగమంతా ఇక్కడే. రిటైరవడానికి ముందు చాలాకాలం పాత సున్నపు కట్టడాల మరమ్మతులే నా పని. బంగళాలు, సిస్టర్ల మఠాలు, చర్చిలు. దేవుడి దగ్గర నాకు పెద్ద లెక్కాపత్రాలు లేవు, గోడల దగ్గరే ఉన్నాయి.

మనకిప్పుడు ఇది ఆసుపత్రిలో కట్టిన చర్చిలా కనిపిస్తుంది. చరిత్రలో జరిగింది దీనికి తలకిందులు: చర్చిలో మంచాలు వేస్తే అది ఆసుపత్రి అయింది. ఫ్రాన్సులో బోన్ అని ఒక ఊరుంది, ద్రాక్షసారాయికి పేరు. బర్గండీ ప్రభువు దగ్గర మంత్రిగా ఉన్న నికొలా రోలాన్, ఆయన భార్య గిగోన్ కలిసి 1443లో అక్కడ పేదలకు ఆసుపత్రి స్థాపించారు. అప్పటికి యుద్ధాలు, కరువుతో ఆ ప్రాంతం చితికిపోయి ఉంది. మొదటి రోగి 1452 జనవరి 1న చేరాడు. ప్రధాన వార్డు ఒక్కటే పొడవాటి హాలు, సుమారు 50 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల ఎత్తు. కప్పు బోర్లించిన పడవ అడుగులా ఉంటుంది, దూలాల చివర్లను రంగులేసిన వింత జంతువులు నోటితో కరిచి పట్టుకున్నట్టు చెక్కారు. రెండు గోడల వెంట వరసగా మంచాలు, ఎర్ర తెరలు. ఒక్కో మంచంలో ఇద్దరేసి రోగులు. హాలు చివర చెక్క జాలీ, ఆ జాలీ అవతల బలిపీఠం. అంటే వార్డుకూ చర్చికీ మధ్య గోడే లేదు. తెర పక్కకు లాగి తల తిప్పితే పూజ కనపడాలి, అదీ ప్లాను.

ఆ పీఠం మీద పెట్టడానికి రోలాన్ ఒక పెద్ద చిత్రం చేయించాడు, రోజియర్ వాన్ డెర్ వేడెన్ అనే చిత్రకారుడి చేత. తలుపులుగా మడతపడే చిత్రం, లోకాంతాన దేవుడు చెప్పే తుది తీర్పు ఘట్టం. మామూలు రోజుల్లో మూసి ఉంచేవారు, ఆదివారాలు, పండగలప్పుడు తెరిచేవారు. జ్వరంతో పడుకున్నవాడు కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆత్మల్ని తూకం వేస్తున్న దేవదూత! రోగికి అది ధైర్యమిచ్చేదో, ఉన్న ప్రాణం పోయేదో మీరే ఊహించుకోండి. నా మటుకు నేనైతే ఆ మంచం మార్పించుకునేవాణ్ణి.

ఇలా కట్టడానికి ఒక నియమం కూడా తోడైంది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ, అంటే కేథలిక్ చర్చి పెద్దల సభ, వైద్యులకు ఒక ఆదేశం ఇచ్చింది. రోగి దగ్గరకు వెళ్ళగానే ముందు గురువుని, అంటే ఫాదర్‌ని, పిలిపించాలి, మందు తరవాత. కారణం ఆ ఆదేశంలోనే ఉంది. రోగం ముదిరాక గురువుని పిలవమంటే "అయితే నేను పోతున్నానన్నమాట" అని రోగి బెంబేలెత్తిపోతాడు, దాంతో నిజంగానే చేయిజారిపోతాడు. అందరికీ మొదట్లోనే పిలిస్తే ఎవరికీ ఆ భయం ఉండదు. ఎంత లోకజ్ఞానం చూడండి. ఇప్పుడు ఐసీయూ బయట డాక్టర్ "దగ్గరి బంధువులు ఎవరైనా ఉంటే పిలవండి" అనగానే మనకు గుండె జారుతుందే, అచ్చం అదే.

ఇక పెద్ద ఊళ్ళ సంగతి. రోగులు వందల్లో ఉంటే ఒకే హాలు చాలదు. రోమ్‌లో సాంతో స్పిరితో అనే ఆసుపత్రి మూడో ఇన్నోసెంట్ పోపు కాలం నాటిది. 1470లలో నాలుగో సిక్స్‌టస్ పోపు దాన్ని మళ్ళీ కట్టించాడు. వార్డు పొడవు 120 మీటర్ల దాకా ఉంటుంది. చివరి మంచానికి పీఠం ఏం కనపడుతుంది? అందుకని పీఠాన్ని వార్డు మధ్యకు తెచ్చి, దానిపైన ఎనిమిది పలకల గోపురం లేపారు. మిలాన్‌లో 1456లో ఫిలరేతే మొదలుపెట్టిన పెద్ద ఆసుపత్రిలో ఇంకో అడుగు ముందుకు వేశారు: నాలుగు వార్డులు సిలువ ఆకారంలో, అవి కలిసేచోట పీఠం. ఒక్క పూజ నాలుగు దిక్కులకూ అందుతుంది. సిస్టర్ మధ్యలో నిలబడితే నాలుగు వార్డులూ కనపడతాయి కూడా. మీరు అడిగిన "సరిగ్గా మధ్యలో" అనేది ఇక్కడ పుట్టింది. భక్తి ఒక కారణం, పర్యవేక్షణ ఇంకో కారణం. రెండూ ఒక్క ప్లానులో ఇమిడిపోయాయి.

మీరు చూసిన పక్క హాలు, జాలీ ఇంకో వరసకు చెందినవి. పారిస్‌లో సాల్పెత్రియేర్ అనే భారీ ఆసుపత్రి ఉంది, ఒకప్పుడు అది పేదల్ని, పిచ్చివాళ్ళని, వీధిన పడ్డ ఆడవాళ్ళని బంధించి ఉంచిన చోటు కూడా. 1670లలో లిబెరాల్ బ్రువాఁ అక్కడ కట్టిన చర్చి చూస్తే మీ జాలీ సంగతి తేలిపోతుంది. మధ్యలో ఎనిమిది పలకల గది, దాంట్లో పీఠం, దాని చుట్టూ చక్రం ఆకుల్లా విడివిడి హాళ్ళు. ఒక్కో రకం జనానికి ఒక్కో హాలు. అందరికీ పీఠం కనపడుతుంది, ఒకరికొకరు కనపడరు. తరవాత ఫ్రాన్సు నుంచి వచ్చిన కొన్ని సిస్టర్ల సభలు (అంటే సంఘాలు) ఇదే పద్ధతిని చిన్న స్థాయిలో వాడాయి. మఠం గడప దాటని సిస్టర్లు ఒకవైపు, వాళ్ళ సంరక్షణలో ఉన్న ఆడపిల్లలు ఒకవైపు, బయటి జనం ఒకవైపు. మన బెంగళూరుకు 1854లో వచ్చిన గుడ్ షెపర్డ్ సిస్టర్లది ఫ్రాన్సులోని ఆంజే పట్టణం. విడివిడి హాళ్ళతో చర్చిలు కట్టుకోవడం ఆ సభకు బాగా అలవాటైన పద్ధతి. నృపతుంగ రోడ్డులోని సెయింట్ మార్తాస్ ఆసుపత్రిని 1886లో మొదలుపెట్టింది వాళ్ళే. ఆ రోడ్డును అప్పట్లో సెనొటాఫ్ రోడ్డు అనేవారు, హడ్సన్ సర్కిల్ దగ్గరున్న స్మారక స్తంభం పేరు మీద. 1964లో స్తంభం తీసేశారు, పేరూ మారింది. మీది ఏ ఆసుపత్రి అని నేను అడగను. పక్క హాలుందంటే మాత్రం ఒకప్పుడు అక్కడ లోకానికి కనపడకూడని సిస్టర్లు కూర్చునేవారని అనుకోవచ్చు.

గోడ సంగతి రాత్రికి రాస్తా. మనవణ్ణి కరాటేకి దింపాలి.

బాణసవాడి_బాబాయ్:

ఇంజినీరు గారు అందంగా చెప్తున్నారు గానీ అసలు విషయం వదిలేశారు. మంచం మీద కదల్లేని వాడికి ఎదురుగా పీఠం పెట్టేది మతం మార్చడానికే. ఇక్కడైనా, అక్కడైనా.

గానుగసున్నం:

బాబాయ్ గారూ, మన దేశానికొచ్చిన మిషనరీలకు ఆ ఉద్దేశమూ ఉండేది, వాళ్ళే దాచలేదు, మనం దాచాల్సిన పనీ లేదు. కానీ నేను చెప్పిన ప్లాను బోన్‌లో, మిలాన్‌లో పుట్టింది. అక్కడ మంచం మీద పడుకున్నవాడు పుట్టుకతోనే కేథలిక్. అతన్ని మార్చేదేముంది? ప్లాను పుట్టిన కారణం వేరు, తరవాత దాన్ని వాడుకున్న తీరు వేరు. ఈ చర్చలో మొదటిదాని గురించే మాట్లాడుకుందాం.

ఇక అమ్మా, మీ ఆవరణ సంగతి. బోన్ పద్ధతి బెంగళూరు దాకా రాలేదు, వచ్చేలోపు అది పాతబడిపోయింది. ఒకే హాల్లో అందరూ, ఒకే మంచంలో ఒకరికి మించి. పారిస్ ఆసుపత్రి ఓతెల్ దియూలో అయితే ఒకే మంచంలో నలుగురు. 1772లో అది తగలబడింది. 1788లో జాక్ తెనోన్ అనే సర్జన్ పారిస్ ఆసుపత్రుల మీద నివేదిక రాసి, ఆ మంచాల లెక్కలన్నీ బయటపెట్టాడు. దాంతో వార్డుల్ని విడదీసి, మధ్యలో గాలి ఆడేలా వేరు వేరు భవనాలుగా కట్టాలన్న వాదం బలపడింది. 1854లో పారిస్‌లోనే తెరిచిన లారిబ్వాసియేర్ ఆసుపత్రి దానికి నమూనా అయింది. పొడవాటి ఆవరణ, అటు మూడు ఇటు మూడు వార్డు భవనాలు, ఆవరణ చివర సరిగ్గా మధ్య గీత మీద చర్చి. తరవాత ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఈ గాలీ వెలుతురూ పద్ధతినే గట్టిగా ప్రచారం చేసింది.

గమనించారా? చర్చి వార్డులోంచి బయటికి వచ్చేసింది, కానీ మధ్య స్థానం వదల్లేదు. ఒకవైపు మగవాళ్ళు, ఇంకోవైపు ఆడవాళ్ళు, నడుమ గుడి. మీరు వర్ణించింది అచ్చంగా ఈ వరసే.

బయటికొచ్చాక ఒక చిక్కు వచ్చిపడింది. మంచం మీదున్నవాడికి పీఠం కనపడట్లేదు. మీ మొదటి అంతస్తు తలుపు ఆ చిక్కుకు సమాధానం. బెంచీలు లేవన్నారు చూడండి, అక్కడ కూర్చోవడానికి కాదు, మంచాలు, చక్రాల కుర్చీలు తోసుకొచ్చి నిలపడానికి. ఈసారి వెళితే మూడు చూడండి. గడప ఉందా, లేక నేల సమంగా ఉందా? తలుపు రెక్కలు వార్డు వైపు తెరుచుకుంటాయా, బాల్కనీ వైపా? బాల్కనీ పిట్టగోడ ఎత్తెంత? నిలబడే వాళ్ళ కోసమైతే అది రొమ్ము దాకా ఉంటుంది. పడుకున్నవాళ్ళ కోసమైతే మోకాలి దాకానే కట్టి, పైన ఇనప కడ్డీలు పెడతారు. చూపు అడ్డు తగలకూడదు కదా.

కప్పు కింద కంతలు వేడిగాలి పోవడానికి. కేథలిక్ చర్చికి ఎత్తు ఎలాగూ కావాలి, ఆ ఎత్తే ఇక్కడి ఎండాకాలానికి మేలు చేసింది. పైకప్పు మంగళూరు పెంకా, మద్రాసు మిద్దెనా చెప్పండి. మద్రాసు మిద్దె అంటే టేకు దూలాలు పరిచి, వాటి మీద పలచటి చిన్న ఇటుకల్ని నిలబెట్టి ఐమూలగా సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటు దిమ్మిసకొట్టి, పెంకు బిళ్ళలు పరుస్తారు. చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు, పాటలు పాడుకుంటూ. దెబ్బ ఆగితే పగులు వస్తుందని మేస్త్రీ ఊరుకునేవాడు కాదు.

పెచ్చులూడే గోడ దగ్గర నా ప్రాణం ఊరుకోదు. ఒక చిన్న పరీక్ష చేయండి. ఊడిన పెచ్చు వెనకవైపు గోరుతో గీకండి. తెల్లగా, పొడిపొడిగా రాలి, మధ్యలో గవ్వ ముక్కలాంటి మెరుపు కనపడితే అది గుల్లసున్నం, అంటే గుల్లలు కాల్చి చేసింది. బూడిదరంగులో, గోరుకు లొంగకుండా ఉంటే సిమెంటు. నూటికి తొంభై పాళ్ళు జరిగేది ఇదీ: పాత గోడ నేలలోంచి చెమ్మ పీల్చుకుంటుంది. సున్నపు పూత ఉన్నప్పుడు ఆ చెమ్మ పగలంతా ఆవిరై పోయేది. ఎవరో ఒక కాంట్రాక్టరు పుణ్యం కట్టుకుని నడుం ఎత్తు దాకా సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తాడు. ఇక చెమ్మకు దారి లేదు. లోపలే ఉండి ఉప్పు పేరుకుని పూతను బయటికి తోస్తుంది. మళ్ళీ రంగు వేస్తారు, మళ్ళీ ఊడుతుంది, మళ్ళీ బిల్లు. మందు ఒకటే: సిమెంటు మొత్తం చెక్కేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనిచ్చి, గానుగలో రుబ్బిన సున్నం పూయాలి. బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపితే పట్టు బాగుంటుంది. ఈ మాట చెప్తే "అదంతా ఇప్పుడెవరు చేస్తారు సార్" అంటారు. చేసేవాళ్ళున్నారు, తమిళనాడులో కారైకుడి వైపు నుంచి పిలిపించుకుంటాం.

గుంటూరు_నర్సమ్మ:

ఇంజినీరు గారూ, మీ మంచాల బాల్కనీ మాట చదివి మా పాత రోజులు గుర్తొచ్చాయి. నేను రిటైర్డ్ నర్సుని, మాది గుంటూరు, ఇప్పుడు పిల్లల దగ్గర కమ్మనహళ్ళిలో ఉంటున్నా. మేం ఆర్సీఎం వాళ్ళం, అంటే రోమన్ కేథలిక్కులం.

పీఠం కనపడని రోగి సంగతి మీరు తలుపు దాకా చెప్పి వదిలేశారు. తలుపు లేని వార్డుల్లో ఏం చేసేవారో నేను చెప్తా. పీఠమే మంచం దగ్గరికి వచ్చేది. తెల్లవారుజామున పూజ అయ్యాక ఫాదర్ దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే అప్పం) పట్టుకుని వార్డుల్లోకి వచ్చేవారు. ముందు ఒక సిస్టర్, చేతిలో కొవ్వొత్తి, ఇంకో చేతిలో చిన్న గంట. ఆ గంట వరండా చివర వినపడగానే మేం థర్మామీటర్లు ఎక్కడివక్కడ పెట్టేసి పక్కకు తప్పుకునేవాళ్ళం. సత్ప్రసాదం తీసుకునేవాళ్ళ మంచాల పక్కన రాత్రే చిన్న బల్ల వేసి, తెల్లబట్ట పరిచి, గ్లాసులో నీళ్ళు పెట్టి ఉంచాలి. అది రాత్రి డ్యూటీ వాళ్ళ పని. బల్ల మరిచిపోతే మేట్రన్ సిస్టర్ ఒక్క చూపు చూసేది, చాలు. ముస్లిం పేషెంట్లు, హిందూ పేషెంట్లు కూడా గంట వినపడితే లేచి కూర్చునేవారు, ఎవరూ చెప్పకుండానే.

బెంగళూరుకూ మా గుంటూరుకూ ఉన్న సంబంధం కూడా చెప్పాలి, మన తెలుగువాళ్ళకే చాలామందికి తెలియదు. డాక్టర్ మేరీ గ్లోరీ అని ఆస్ట్రేలియా ఆవిడ, 1887లో పుట్టింది, మెల్‌బోర్న్‌లో వైద్యం చదివింది. మన దేశంలో పరదా వెనక ఆడవాళ్ళు మగ డాక్టరు దగ్గరికి వెళ్ళలేక చనిపోతున్నారని ఒక చిన్న పుస్తకంలో చదివి, ప్రాక్టీసు వదిలేసి 1920లో గుంటూరు వచ్చేసింది. జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) సభలో చేరి సిస్టర్ అయింది. ఆ రోజుల్లో సిస్టర్లు వైద్యం చేయడానికి చర్చి చట్టం ఒప్పుకోదు, కాన్పులు చేయడం అసలే కుదరదు. ఆవిడకు మాత్రం పోపుగారి దగ్గర్నుంచి ప్రత్యేక అనుమతి వచ్చింది. మిగతా సిస్టర్లందరికీ ఆ దారి తెరుచుకున్నది 1936లో. మఠం దగ్గర చిన్న మందుల గదితో మొదలైనదే మా సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రి. ఆవిడ తెలుగు నేర్చుకుంది, నాటుమందుల గురించి కూడా తెలుసుకుంది. 1943లో దేశంలోని కేథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక సంఘంగా కలిపింది. మనకంటూ ఒక కేథలిక్ మెడికల్ కాలేజీ ఉండాలని ఆవిడ కలగన్నది, ఆ కాలేజీయే 1963లో మన బెంగళూరులో మొదలైన సెయింట్ జాన్స్. అది చూడకుండానే 1957 మే 5న క్యాన్సర్‌తో పోయింది. పోయింది కూడా బెంగళూరులోనే. 2013లో ఆవిడకు దైవసేవకురాలు అని బిరుదిచ్చారు, పునీతురాలిగా ప్రకటించే దారిలో అది మొదటి మెట్టు.

ఇంజినీరు గారు కట్టడాల గురించి చెప్తూ సిస్టర్లని "కనపడకూడనివాళ్ళు" అన్నారు కదా. నిజమే, జాలీ వెనక కూర్చునేవారు. కానీ జాలీ వెనక కూర్చునే మనిషే తెల్లారాక బయటికొచ్చి కాన్పు చేయడానికి రోముకు ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. అది కూడా ఈ చర్చిల చరిత్రలో రాయాలి.

గానుగసున్నం:

నర్సమ్మ గారూ, ఆ బల్ల, తెల్లబట్ట సంగతి ఏ ప్లానులోనూ ఉండదు, మీలాంటివాళ్ళు చెప్తేనే తెలుస్తుంది. నేనొక ఆసుపత్రి వరండాలో గోడకు ప్రతి మంచం దగ్గరా ఒక చిన్న గూడు చూసి, దీపం కోసమనుకుంటూ వచ్చా. అది ఈ గ్లాసు, కొవ్వొత్తి పెట్టుకోవడానికేనేమో, మీరేమంటారు?

గుంటూరు_నర్సమ్మ:

గూడు మంచం తల వైపుంటే మందుసీసాల కోసం అండీ. కాళ్ళ వైపో, రెండు మంచాల నడుమో ఉంటే మీరన్నదే అయ్యుండొచ్చు. తల వైపు పెడితే ఫాదర్ వంగి సత్ప్రసాదం ఇవ్వడానికి అడ్డం.

నెల్లూరు_టు_మారతహళ్ళి:

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. నిన్న రాత్రి వెళ్ళి అన్నీ చూశా. గడప లేదు, నేల సమంగా ఉంది. తలుపు రెక్కలు వార్డు వైపే తెరుచుకుంటాయి. పిట్టగోడ నా మోకాలి దాకానే, పైన కడ్డీలు. పెచ్చు గీకితే ముందు బూడిదరంగు, దాని వెనక తెల్లది, రెండు పొరలు! వాచ్‌మన్ నన్ను అనుమానంగా చూశాడు. మా అత్తగారికి ఇదంతా చెప్తే "నన్నూ ఆ బాల్కనీలోకి తోసుకెళ్ళు, పాటలు వినపడతాయి కదా" అంటున్నారు. ఫిజియోథెరపీ ఆవిడ చక్రాల కుర్చీలో అరగంట కూర్చోవచ్చన్నారు.

రెండు ప్రశ్నలు. బయటివాళ్ళం, పూజ జరుగుతుండగా బాల్కనీలోకి వెళితే ఏమైనా అనుకుంటారా? ఈ చర్చి ఏ సంవత్సరంలో కట్టారో ఎక్కడ దొరుకుతుంది? బోర్డు ఏమీ లేదు.

గుంటూరు_నర్సమ్మ:

ఎవరూ ఏమీ అనుకోరమ్మా. సిస్టర్‌కి ఒక్క మాట చెప్పి తీసుకెళ్ళండి, వాళ్ళే తలుపు తీయిస్తారు. సత్ప్రసాదం ఇచ్చేటప్పుడు మాత్రం అది కేథలిక్కులకే, ఫాదర్ దగ్గరికొస్తే చేతులు జోడిస్తే చాలు, ఆయనకు అర్థమవుతుంది. ఆదివారం పూజకు గాయకబృందం ఉంటుంది, ఆ రోజు తీసుకెళ్ళండి.

గానుగసున్నం:

రెండు పొరలా! నేను వాసన చూసినంత పని చేశాను ఇక్కడ కూర్చుని.

సంవత్సరం కోసం మూడు చోట్ల వెతకండి. పునాదిరాయి ఎక్కువగా పీఠం వెనక గోడకు బయటివైపు, నేలకు దగ్గరగా ఉంటుంది, పూలకుండీలు అడ్డం పెట్టేసి ఉంటారు. రాత లాటిన్‌లో ఉంటుంది, అంకెలు అక్షరాల్లో ఉంటాయి, ఫోటో తీసి ఇక్కడ పెడితే విప్పుదాం. రెండోది గంట. పైకెక్కనిస్తే గంట అంచు చుట్టూ పోతపోసినవాళ్ళ పేరు, ఊరు, ఏడాది పోసి ఉంటాయి. అయితే గంట ఏడాదే కట్టడం ఏడాది అనుకోవద్దు, చందా కూడాక చాలా ఆలస్యంగా వచ్చిన గంటలు నేను చూశాను. మూడోది, అసలైనది, సిస్టర్ల దినచర్య పుస్తకం. ప్రతి మఠంలోనూ ఏ రోజు ఏం జరిగిందో రాసిపెడతారు, సున్నం బస్తాలు వచ్చిన రోజుతో సహా. పాతవి ఫ్రెంచిలో ఉండొచ్చు. నేరుగా "చూపించండి" అని అడగొద్దు. పెద్ద సిస్టర్‌ని పట్టుకుని "మీరు వచ్చినప్పుడు ఈ గోడకు ఏ రంగుండేది" అని అడగండి, పుస్తకం అదే బయటికొస్తుంది.

ఫోటోలు తీసేటప్పుడు వార్డులో రోగులెవరూ పడకుండా చూసుకోండి. ఆ సిమెంటు గురించి మాత్రం వాళ్ళ ఇంజినీరుకు చెప్పండి, వానాకాలం ముందే.